కాలువ గరుకుదనం - కడపటి పొలం

నీరు పల్లమెరుగునని పెద్దలు చెప్పారు. కాని పల్లం ఒక్కటే నీటి వేగాన్ని నిర్ణయించదు. నీరు ఒరుసుకుంటూ పోయే కాలువ అడుగూ, గట్లూ గరుకైన కొద్దీ దాని నడక మందగిస్తుంది. ఈ సత్యాన్ని అంకెల్లోకి తేవడానికి శతాబ్దాలు పట్టింది.

మొదట విద్వాంసుల దృష్టి వాలు మీదే నిలిచింది. క్రీ.శ. 9వ శతాబ్దిలో అబ్బాసీ ఖలీఫా ముతవక్కిల్ తన కొత్త నగరానికి టైగ్రిస్ నది నుండి కాలువ తవ్వించే పనిని మూసా కుమారులకు అప్పగించాడు. వారు దానిని ప్రసిద్ధ ఖగోళవేత్త అల్ ఫర్గానీ చేతిలో పెట్టారు. కాలువ మొదలు మిగతా భాగం కన్న లోతుగా తవ్వబడినందున, నదికి పోటు వచ్చినప్పుడు తప్ప నీరు పారలేదని 13వ శతాబ్ది చరిత్రకారుడు ఇబ్న్ అబీ ఉసైబియా వ్రాశాడు. 11వ శతాబ్ది ఆరంభంలో అల్ కరజీ భూగర్భ జలాలపై రచించిన గ్రంథంలో వాలు కొలిచే సాధనాలను వివరించాడు.

గరుకుదనం లెక్క తర్వాత వచ్చింది. నీటి వేగానికీ, వాలుకూ గల సంబంధాన్ని ఫ్రెంచి ఇంజనీరు షేజీ 1775లో సూత్రీకరించాడు. డార్సీ ప్రారంభించిన ప్రయోగాలను బాజిన్ కొనసాగించి, సిమెంటు, చెక్క, ఇటుక, గులకరాళ్లు పరచిన కాలువలలో నీటి వేగాన్ని విడివిడిగా కొలిచి 1865లో ఫలితాలు ప్రకటించాడు. 1889లో ఐర్లండు ఇంజనీరు మానింగ్ ప్రతిపాదించిన సూత్రం నేటికీ వాడుకలో ఉంది.

కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లో, అంటే బాజిన్ ఫలితాలకు పదేళ్ల ముందే, పూర్తయింది. దాని పశ్చిమ డెల్టా నీరు తెనాలిలో మూడు కాలువలుగా సాగుతుంది. కొమ్మమూరు కాలువ బాపట్ల ప్రాంతం మీదుగా పెదగంజాం వైపు వెళుతుంది. సముద్రానికి చేరువైన రేపల్లె ప్రాంతం చిట్టచివరి ఆయకట్టు. డెల్టా నేల దాదాపు సమతలం కనుక వాలు పెంచే వీలు లేదు. అందుచేత ఇక్కడ గరుకుదనమే నిర్ణాయకమవుతుంది.

మానింగ్ సూత్రంలో నున్నని కాంక్రీటు కాలువకు గరుకు సంఖ్య సుమారు 0.015; కలుపు పెరిగిన మట్టి కాలువకు 0.030, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ. వాలూ, లోతూ ఒకటే అయినా రెండవ దానిలో నీటి వేగం సగానికి పడిపోతుంది. గుర్రపుడెక్క, తూటికాడ, పూడిక వలన కలిగే నష్టం ఇదే. ఎగువన కాలువ నిండుగానే కనిపిస్తుంది. దిగువ రైతు నారుమడి మాత్రం ఎండుతుంది.

ఈ ధర్మం నీటికే పరిమితం కాదు. గొట్టాల లోపల ఇసుక రేణువులు అతికించి పరీక్షించిన నికురాద్జే 1933లో ఒక విశేషాన్ని వెల్లడించాడు. ప్రవాహం నెమ్మదిగా, పొరలు పొరలుగా సాగేటప్పుడు గరుకుదనం ప్రభావం దాదాపు ఉండదు. సుడులు తిరుగుతూ మిక్కిలి వేగంగా సాగేటప్పుడు ఘర్షణ గుణకాన్ని గరుకుదనమే నిర్ణయిస్తుంది. ఇరుకు గొట్టాలలో సాగే గాలికీ ఇదే నియమం.

కనుక వేసవిలో కాలువ కట్టివేసి పూడిక తీయడం, కలుపు కోయడం కేవలం శుభ్రత కోసం చేసే పనులు కావు. అవి కడపటి పొలానికి దాని వాటాను చేర్చే పనులు. ఎగువ గట్టున పెరిగిన కలుపు దిగువ రైతు హక్కును హరిస్తుందన్న సంగతిని ఈ లెక్క నిర్ద్వంద్వంగా చూపుతుంది.