కృష్ణపట్నం: రేవు కట్టిన పూజ, గుడి పెంచిన తోట

కృష్ణపట్నం అనగానే ఇప్పుడు మనకి గుర్తొచ్చేది 2008లో మొదలైన పోర్టు, బొగ్గు, లారీలు. కానీ ఈ రేవు పాత కథ అదే ఊళ్లో సిద్ధేశ్వరస్వామి గుడి రాళ్ల మీద ఉంది. ఈరోజు దాని గురించి మాట్లాడుకుందాం.

13వ శతాబ్దంలో నెల్లూరిని ఏలినవాళ్లు తెలుగు చోడులు. తిక్కన తన నిర్వచనోత్తర రామాయణం అంకితమిచ్చిన మనుమసిద్ధి ఆ వంశంవాడే. ఇక్కడి శివుడికి కూడా శాసనంలో మనుమసిద్ధేశ్వరుడనే పేరు. ఊరికి కొల్లిత్తురై అనీ, గండగోపాలపట్టణం అనీ రెండు పేర్లు. గండగోపాల అన్నది ఈ చోడుల బిరుదు. శాసనం భాష తమిళం. రేవు అంటే నాలుగు భాషలవాళ్లు కలిసేచోటు కదా!

అందులో ఏముందంటే, పలు దేశాల వర్తకులు సమావేశమై, రేవులో దిగే సరుకు మీద, ఎగుమతయ్యే సరుకు మీద కొంత భాగం స్వామికి ఇస్తామని ఒప్పుకున్నారు. రాజు వేసిన పన్ను కాదు, వాళ్లకి వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. ఇలాంటి వర్తక శాసనాల మీద జపాన్ చరిత్రకారుడు నొబోరు కరషిమా ఏళ్ల తరబడి పనిచేశారు.

మరి గుడికి అంత ఖర్చు ఏముంటుంది? దీపం, నైవేద్యం, పూలు. అప్పట్లో నందనవనం అంటే అందానికి వేసుకున్న తోట కాదు, రోజువారీ పూజకి ఆధారం. దక్షిణాది శాసనాల్లో పూలతోటకి భూమి, తోటమాలికి జీవనం రాసిచ్చినవి ఎన్నో ఉన్నాయి.

మన తీరంలో పొన్నచెట్టు చూడండి. ఉప్పుగాలికి తట్టుకుంటుంది. పువ్వు పూజకి, గింజల నూనె దీపానికి, కలప పడవకి. అంటే గుడికీ రేవుకీ ఒకే చెట్టు! మొగలి కూడా ఇసుకలో బాగా పెరుగుతుంది, కానీ అబద్ధపు సాక్ష్యం చెప్పిందని పురాణకథ, అందుకే శివపూజకి పనికిరాదంటారు.

నేను పాత గుడికి వెళ్తే ముందు గోడ అడుగుభాగం చూస్తాను, తర్వాత పూలచెట్లు ఎక్కడున్నాయో చూస్తాను. చాలాచోట్ల అక్షరాల మీద సున్నం, తోట స్థలంలో సిమెంటు. నెల్లూరు జిల్లా శాసనాలని బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు కాబట్టి కొంత మిగిలింది. తోటలకి అలాంటి పుస్తకం లేదు.

మీ ఊరి గుడికి రంగులు వేయిస్తుంటే, రాతి మీద అక్షరాలున్నాయేమో ఒక్కసారి చూడమని చెప్పండి. ఒక ఫోటో తీసిపెట్టండి. వీలైతే ఒక పొన్నమొక్క నాటండి.