‘ఫోర్ ట్వంటీ’: సెక్షన్ పోయినా నిలిచిన మాట

మోసగాడిని తెలుగువారు ‘ఫోర్ ట్వంటీ’ అంటారు. హిందీ, ఉర్దూ మాట్లాడేవారికి అతడే ‘చార్ సౌ బీస్’. ఈ తిట్టుకు మూలం శిక్షాస్మృతి. 1860లో రూపొంది, 1862 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారతీయ శిక్షాస్మృతిలోని 420వ సెక్షన్, ఎదుటివారిని మోసపుచ్చి ఆస్తిని కాజేసే నేరానికి ఏడేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా నిర్దేశించింది.

కోర్టుల్లోని ఆ సంఖ్య జనం నోట పడింది. హిందీ, ఉర్దూలు దానికి ప్రత్యయం కూడా చేర్చి, మోసగించే పనిని ‘చార్ సౌ బీసీ’ అన్నాయి. 1955లో రాజ్ కపూర్ తన చిత్రానికి ‘శ్రీ 420’ అనే పేరు పెట్టారు. వాడుకలో మాట పదును కొంత తగ్గింది; మాయమాటలతో తప్పించుకునే గడుసువాడిని సరదాగా అలా పిలవడమూ ఉంది. అమెరికాలో ఇదే అంకె గంజాయికి సంకేతం. దానికీ దీనికీ సంబంధం లేదు.

2024 జూలై 1 నుంచి భారతదేశంలో భారతీయ న్యాయ సంహిత అమలవుతోంది. అందులో 358 సెక్షన్లే ఉన్నందున 420కి తావే లేదు. ఆ నేరం 318(4) కిందికి చేరింది. అంతకుముందు జరిగిన నేరాలకు పాత సెక్షనే వర్తిస్తుంది కనుక, ‘420 కేసు’ అన్నప్పుడు నేరం జరిగిన తేదీని గమనించాలి. హత్యకు మారుపేరైన ‘302’తో చిక్కు ఇంకా ఎక్కువ. కొత్త సంహితలో ఆ అంకె మతపరమైన మనోభావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరిచే మాటలకు చెందింది; హత్యకు శిక్ష 103లో ఉంది.

బ్రిటిష్ కాలపు స్మృతినే కొనసాగిస్తున్న పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో మోసం నేటికీ 420వ సెక్షన్ కిందికే వస్తుంది.