గొంతు తెలుసు, పేరు తెలియదు



కథ చెబుతూ పిల్లలకు అన్నం తినిపించని తల్లి మనలో ఉండదేమో! రాజకుమారికి ఒక గొంతు, రాక్షసుడికి ఇంకో గొంతు, పేదరాశి పెద్దమ్మకు వణికే గొంతు. ఎవరూ నేర్పకుండానే ఇవన్నీ పలికిస్తాం. ముద్ద నోట్లోకి వెళితే అదే మనకు బహుమానం. ఈ విద్యనే జీవనాధారంగా చేసుకుని, ఎనభై ఏళ్ళకు పైగా జనాన్ని నవ్వించిన ఒకావిడ కథ ఈవేళ చెబుతాను. ఆవిడ పేరు జూన్ ఫొరే. ఆ పేరు ఎప్పుడూ వినలేదంటారా? ఆవిడ గొంతు వింటూ పెరిగిన అమెరికా పిల్లల్లోనే చాలామందికి తెలియదు లెండి!

జూన్ 1917 సెప్టెంబరు 18న మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టింది. పన్నెండేళ్ళకే రేడియో నాటకంలో పాల్గొంది. తరవాత కుటుంబం లాస్ ఏంజెలెస్ చేరింది. అక్కడ 'లేడీ మేక్ బిలీవ్' అన్న పేరుతో పిల్లలకు రేడియోలో కథలు చెప్పింది. మనిషి అయిదడుగులు కూడా లేదు. కాని రేడియోకి పొడుగూ పొట్టీ ఎవరు చూస్తారు? ఒక నిమిషం ముసలమ్మ, మరు నిమిషం పసిపిల్ల. హాస్య కార్యక్రమాల్లో ఆ గొంతుకు గిరాకీ పెరిగింది. 1953లో స్టాన్ ఫ్రెబర్గ్ తీసుకొచ్చిన ఒక హాస్య గ్రామఫోను రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అందులో ఈవిడ గొంతూ ఉంది.

కార్టూన్ సినిమాల్లో పిల్లి వేషం కూడా దక్కింది! 1950లో డిస్నీ తీసిన 'సిండెరెల్లా'లో లూసిఫర్ అనే పిల్లి అరుపులు ఆవిడవే. తరవాత మంత్రగత్తెలూ, బామ్మలూ వచ్చారు. 1959లో మొదలైన 'రాకీ అండ్ హిజ్ ఫ్రెండ్స్'తో ఆ గొంతు ఇంటింటికీ చేరింది. అందులో రాకీ అనే ఎగిరే ఉడత మగపిల్లవాడు. వాణ్ణి పట్టుకోవాలని చూసే గూఢచారిణి నటాషా. ఇద్దరికీ గొంతు ఈవిడదే! మగపిల్లవాడికి ఆడమనిషి గొంతేమిటి అనకండి. నిజం పిల్లవాడిచేత చెప్పిస్తే నాలుగేళ్ళకు గొంతు మారిపోతుంది. ఆడవాళ్ళ గొంతయితే ఏళ్ళతరబడి అలాగే ఉంటుంది. అందుకే ఇలాంటి వేషాలు ఎక్కువగా స్త్రీలకే ఇస్తారు.

1960 ప్రాంతంలో తాడు లాగితే మాట్లాడే చాటీ కాతీ బొమ్మకు ముద్దు ముద్దు మాటలు చెప్పింది. 1963లో 'ట్విలైట్ జోన్' టెలివిజన్ కథలో అలాంటి బొమ్మకే భయంకరమైన గొంతిచ్చింది. మన దేశంలో జరిగే ముంగిస కథ 'రిక్కీ టిక్కీ టావీ'ని 1975లో కార్టూన్‌గా తీస్తే, ఆడనాగు నాగైనా గొంతు ఆవిడదే.

ఇంత చేసినా పేరు మాత్రం తెరమీద పడింది తక్కువే. వార్నర్ వారి కార్టూన్లలో చాలాకాలం మెల్ బ్లాంక్ ఒక్కరి పేరే వేసేవారు. జీతం పెంచమని అడిగితే, అది కుదరక పేరు వేయడానికి ఒప్పుకున్నారని ఆయనే చెప్పుకున్నారు. ఆయన గొప్ప కళాకారుడే, కాదనం. కాని పక్కన పలికిన ఆడవాళ్ళ మాటేమిటి? 1966లో వచ్చిన 'గ్రించ్' కార్టూన్‌లో, క్రిస్మస్ తాత వేషంలో వచ్చిన దొంగను మా చెట్టు ఎందుకు తీసుకుపోతున్నావని అడిగే చిన్నారి సిండీ గొంతు జూన్‌దే. అందులోనూ పేరు వేయలేదు. ఆవిణ్ణి 'ఆడ మెల్ బ్లాంక్' అనేవారు. అప్పుడు కార్టూన్ దర్శకుడు చక్ జోన్స్, అలా కాదు, మెల్ బ్లాంకే మగ జూన్ ఫొరే అన్నారట!

ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. ఈ కళలో ఉన్నవాళ్ళందరికీ గౌరవం దక్కాలని పూనుకుంది. యానిమేషన్ కళాకారుల సంఘం తరఫున 1972లో 'యానీ' బహుమతులు మొదలు కావడానికి ఆవిడ ఆలోచనే కారణం. ఆస్కార్ సంస్థలో ఉంటూ, పూర్తినిడివి కార్టూన్ చిత్రాలకు వేరే బహుమతి ఉండాలని ఏళ్ళతరబడి పోరింది. చివరికి 2002లో ఆ బహుమతి మొదటిసారి 'ష్రెక్' చిత్రానికి ఇచ్చారు. ఇక ఆవిడ సొంతానికి? 2012లో డేటైమ్ ఎమ్మీ వచ్చింది, తొంభైనాలుగో ఏట! 2017 జులై 26న, నూరేళ్ళు నిండడానికి రెండు నెలలుందనగా కన్నుమూసింది.

మన తెలుగు సినిమాల్లోనూ కథానాయికకు మాట అరువిచ్చి, తాము తెరవెనకే ఉండిపోయినవాళ్ళు ఎందరు లేరు? అందుకని నాదొక చిన్న మనవి. పిల్లలతో కలిసి బొమ్మల సినిమా చూసినప్పుడు, కథ అయిపోయిందని వెంటనే టీవీ కట్టేయకండి. చివర పేర్లు పడతాయి. రెండు నిమిషాలు ఆగి, ఆ గొంతు ఎవరిదో చదివి పిల్లలకు చెప్పండి. ఆ మాత్రం రుణం తీర్చుకోవద్దూ?