ఫలక్‌నుమా ప్యాలెస్

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు దక్షిణంగా సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఒక గుట్టమీద ఉన్న రాజభవనం. నిజాం రాజ్యంలోని 'పైగా' వంశపు నవాబుల్లో ఒకడైన సర్ వికారుల్ ఉమ్రా కట్టించాడు. తరువాత ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. 2010 నవంబరు నుంచి తాజ్ సంస్థ నడిపే హోటలుగా ఉంది. గోదావరి జిల్లాల వారిలో చాలామందికి ఈ పేరు మేడగా కంటే ముందు రైలుగా తెలుసు. సికింద్రాబాదు–హౌరా ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ రాజమహేంద్రవరం మీదుగానే నడుస్తుంది. ఆ రైలు మాత్రం ఫలక్‌నుమా స్టేషను దాకా వెళ్లదు.

పేరు, స్థలం

ఫలక్ అంటే ఆకాశం. దానికి 'నుమా' చేరితే 'ఆకాశ దర్పణం' అవుతుందని ఎక్కువమంది రాస్తారు. పారశీకంలో నుమా అంటే చూపేది అని. నమాజుకు తిరగాల్సిన ఖిబ్లా దిక్కు చూపే పరికరాన్ని ఖిబ్లానుమా అంటారు. ఆ లెక్కన 'ఆకాశాన్ని చూపేది' అన్న అర్థమే మూలానికి దగ్గర. గుట్ట ఎత్తు 2,000 అడుగులని తరచు కనిపించే అంకె సముద్రమట్టం నుంచి లెక్కించినదై ఉండాలి. నగరమే దాదాపు 1,750 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి, కింది వీధిలో నిలబడి చూసేవాడికి కనిపించే గుట్ట అంత పెద్దదేమీ కాదు.

నిర్మాణం

శంకుస్థాపన 1884 మార్చి 3న జరిగిందన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. పూర్తయిన సంవత్సరం దగ్గరే పేచీ. 1889 అని, 1890 అని, 1893 అని మూడు రకాలుగా రాస్తారు. 1890 డిసెంబరులో వికారుల్ ఉమ్రా మేడ ఆవరణలోని గోల్ బంగళాలోకి, జనానా (ఆడవారి భాగం)లోకి కాపురం మార్చి, మర్దానా (మగవారి) భాగంలో మిగిలిన పనులు దగ్గరుండి చేయించుకున్నాడన్న కథనాన్ని ఒప్పుకుంటే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. గృహప్రవేశం 1890, అలంకరణతో సహా పూర్తయింది 1893 అనుకోవచ్చు. తొమ్మిదేళ్లు పట్టిందన్న వాడుక మాటకూ ఇది సరిపోతుంది. కరెంటు, టెలిఫోను ఏర్పాట్లు 1883లో జరిగాయని కొన్నిచోట్ల ఉంది. పునాదిరాయి కంటే ముందు దీపాలు వెలిగే వీలు లేదు కాబట్టి ఆ సంవత్సరాన్ని ఇక్కడ స్వీకరించలేదు.

వాస్తుశిల్పిగా విలియం వార్డ్ మారెట్ పేరు చెబుతారు. ఆయన్ను కొందరు ఇంగ్లీషువాడని, కొందరు ఇటలీవాడని రాశారు. పేరును బట్టి మొదటిదే నమ్మదగినది. పల్లాడియో శైలి ముఖద్వారం, ఇటలీ పాలరాయి చూసి రెండో మాట పుట్టి ఉండవచ్చు. ఖర్చు 40 లక్షల రూపాయలని ప్రచారంలో ఉంది. పైనుంచి చూస్తే భవనం తేలు ఆకారంలో ఉంటుందని, ఉత్తరానికి చాచిన రెండు రెక్కలు కొండీల వంటివని వర్ణిస్తారు. కట్టించినవాడు తేలు బొమ్మ ముందు పెట్టుకునే కట్టించాడా అన్నది వేరే సంగతి.

లోపలి గదుల్లో ప్రసిద్ధమైనది భోజనశాల. అక్కడి బల్ల చుట్టూ ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. ఆ చివర గుసగుసలాడితే ఈ చివర వినిపిస్తుందని చూపించేవాళ్లు చెబుతారు. గ్రంథాలయం పైకప్పును ఇంగ్లండులోని విండ్సర్ కోట గ్రంథాలయాన్ని అనుసరించి చెక్కించారంటారు. బర్మింగ్‌హామ్ ఆస్లర్ కంపెనీ షాండ్లియర్లు, నాట్యశాలలో చేత్తో నడిపే పైపు ఆర్గాన్, బిలియర్డ్స్ గది ఇతర ఆకర్షణలు.

నిజాముకు దక్కడం

వికారుల్ ఉమ్రా నిజాముకు బావ. 1893 నుంచి 1901 వరకు రాజ్యానికి దివాను. ఆయన సొంత మేడ నిజాముకు ఎలా వెళ్లిందన్న దానికి రెండు కథనాలున్నాయి. అతిథిగా వచ్చిన మహబూబ్ అలీఖాన్ మేడను మెచ్చి రోజుల తరబడి ఉండిపోతే, దర్బారు మర్యాద తెలిసిన నవాబు నజరానాగా సమర్పించుకున్నాడన్నది ఒకటి. కట్టడానికి చేసిన అప్పులు తలకు మించడంతో నిజాం సొమ్మిచ్చి పుచ్చుకున్నాడన్నది రెండోది. నిజానికి ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగనివి కావు. నజరానా సమర్పించడం మర్యాద, బదులు ఇవ్వడం ఖజానా పని. తేదీ 1895 అని, 1897 అని, ఆ తరువాతి ఏడాదని కూడా ఉంది. వికారుల్ ఉమ్రా పేరును సూచించే 'వి.ఓ.' అక్షరాలు పైకప్పుల మీద, సామాను మీద ఇప్పటికీ కనిపిస్తాయి. తరువాత ఆయన బేగంపేటలో కట్టించుకున్న పైగా ప్యాలెస్‌లో 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేటు పనిచేసింది.

అతిథి భవనంగా

నిజాం కాలంలో ఇది ముఖ్యంగా విడిది. 1906లో వేల్స్ యువరాజుగా వచ్చిన జార్జి (తరువాతి అయిదో జార్జి), మేరీ ఇక్కడ దిగారు. 1922లో వాళ్ల కొడుకు ఎడ్వర్డ్ దిగాడు. రష్యా జార్ నికొలాస్, ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కూడా ఇక్కడ నిజాం అతిథులేనన్న జాబితాలను జాగ్రత్తగా చూడాలి. మొదటివాడు భారతదేశానికి వచ్చింది 1890–91 చలికాలంలో, రెండోవాడు 1893 ఆరంభంలో. అప్పటికి మేడ ఇంకా నిజాముది కాదు. మహబూబ్ అలీఖాన్ 1911 ఆగస్టు 29న ఈ భవనంలోనే కన్నుమూశాడు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కింగ్ కోఠి ప్యాలెస్‌లోనే ఉండేవాడు కాబట్టి ఫలక్‌నుమా తలుపులు పెద్ద అతిథులు వచ్చినప్పుడే తెరుచుకునేవి. 1951లో వచ్చిన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌ను చివరి ముఖ్య అతిథిగా చెబుతారు. మొత్తం మీద ఇది ఒక కుటుంబం కాపురమున్న ఇల్లుగా గడిపిన కాలం చాలా తక్కువ.

మూతపడిన కాలం, హోటలు

ప్రభువుల మేడలు హోటళ్లు కావడం ఇతరచోట్లా జరిగింది. స్కాట్లండులో మొదటి ప్రపంచ యుద్ధం తరువాత వారసత్వ పన్నులు, నౌకర్ల జీతాలు మోయలేక ప్రభువులు పల్లె మేడలను వదులుకున్నారు. వాటిలో చాలా హోటళ్లయ్యాయి. విక్టోరియా రాణి 1873లో వారం రోజులున్న ఇన్వర్‌లోకీ కోట 1969లో హోటలుగా తెరుచుకుంది. ఇన్వర్‌లోకీ కంటే ముందే రాజస్థానం మేల్కొంది. జైపూర్ రాంబాగ్ ప్యాలెస్‌ను 1957లో మహారాజే హోటలుగా మార్చాడు. ఫలక్‌నుమా విషయంలో అలా జరగకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. ఉస్మాన్ అలీఖాన్ 1967లో మరణించాక మనవడు ముకర్రం జాకు సంక్రమించిన వారసత్వంలో మేడలతో పాటు వేలాది నౌకర్లు, ఆశ్రితులు, వారసుల వ్యాజ్యాలు కూడా ఉన్నాయి. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ముకర్రం జా ఆస్ట్రేలియాలో గొర్రెల క్షేత్రం కొనుక్కుని అటే ఎక్కువగా ఉండిపోయాడు. మేడ తాళాల్లో ఉండిపోయింది.

మరమ్మతులు 2000 ప్రాంతంలో మొదలై దాదాపు పదేళ్లు సాగాయి. ముకర్రం జా మొదటి భార్య, టర్కీకి చెందిన యువరాణి ఎస్రా దగ్గరుండి పర్యవేక్షించారు. నిజాముల మరో భవనమైన చౌమహల్లా ప్యాలెస్ పునరుద్ధరణ కూడా ఆమె చొరవతోనే జరిగింది. అయితే దాన్ని ప్రజలు చూసే మ్యూజియం చేశారు, దీన్ని 60 గదుల హోటలు చేశారు. పాత భోజన బల్ల మాత్రం పాత పనికే ఉంది. 2017 నవంబరు 28న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు వచ్చిన ఇవాంకా ట్రంప్‌కు ప్రధాని నరేంద్ర మోదీ ఇచ్చిన విందు ఆ బల్ల మీదే జరిగింది. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించగా, హైదరాబాదు మక్కా మసీదు ఆవరణలో ఖననం చేశారు.

భవనం చిరునామా ఇప్పటికీ ఇంజన్‌బౌలి. బస చేసేవాళ్లను గేటు దగ్గర కారు దింపి, గుర్రపు బగ్గీలో మేడ దాకా తీసుకెళ్తారు.