స్లోలో నిలబడని బండి

తాళ్లపాలెం దగ్గర జాతీయ రహదారి దిగి, మాకవరపాలెం మీదుగా నర్సీపట్నం దాటితే చింతపల్లి ఘాటీ మొదలవుతుంది. కార్బొరేటర్ ఉన్న పాత కార్లను పరీక్షించడానికి ఇంతకన్నా మంచి దారి దొరకదు. కింద చెరకు పొలాల పక్కన సాఫీగా నడిచిన బండి, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి చేరేసరికి స్లోలో వణుకుతుంది, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఆగిపోతుంది కూడా. నిజానికి బండిలో ఏదీ చెడలేదు. కొండ మీద గాలి పలచన. కార్బొరేటర్ మాత్రం కింద పోసిన లెక్కనే పెట్రోలు పోస్తుంది కాబట్టి మిశ్రమం చిక్కబడుతుంది. ఈ సంగతి తెలియక కొండ మీదే మిశ్రమం స్క్రూ తిప్పి సరిచేసుకున్నవాళ్లు, దిగాక మళ్లీ మెకానిక్ దగ్గర బండి ఆపక తప్పదు.

స్లోలో నిలబడని ఈ జబ్బు కార్లు పుట్టినప్పటి నుంచీ ఉంది. దాన్ని పట్టుకునే పద్ధతి మాత్రం తరానికోసారి మారింది. కొత్త బండి వచ్చాక కూడా పాత బండి నేర్పిన అనుమానమే మెకానిక్ చేతిని కొన్నేళ్లపాటు నడిపించింది. చాలా షెడ్డుల్లో డబ్బూ కాలమూ వృథా అయింది అక్కడేనని నా అభిప్రాయం.

అసలు తప్పు స్లోలోనే ఎందుకు బయటపడుతుంది? అప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, ఇంజన్ పీల్చే గాలి చాలా కొద్ది. గ్యాస్కెట్ పక్క నుంచి చొరబడే చిన్న లీకు కూడా ఆ కొద్దిలో పెద్ద వాటా. రేస్ ఇస్తే లోపలికి వచ్చే గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఆ లీకు లెక్కలోకి రాదు. అందుకే స్లోలో కొట్టుకుని, వేగంలో సర్దుకునే బండిలో గాలి లీకునో స్లో జెట్టునో చూడాలి. అన్ని వేగాల్లోనూ మిస్సింగ్ ఉంటే నిప్పురవ్వనూ కంప్రెషన్‌నూ చూడాలి. వేడెక్కాకే ఆగిపోతుంటే కాయిల్, కండెన్సర్, పెట్రోలు గొట్టం.

మొదటి అనుమానితుడు నిప్పురవ్వ. బాష్ హై టెన్షన్ మాగ్నెటో 1902లో వచ్చింది. కొన్నేళ్లకే అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో నడిచే ఇగ్నిషన్ తయారుచేశాడు. 1910 కాడిలాక్‌లలో చేరిన ఆ ఏర్పాటే తర్వాత అర్ధ శతాబ్దానికి పైగా ప్రపంచంలోని కార్లను నడిపింది. అంబాసిడర్ మనకు తెచ్చిందీ అదే.

హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారా ఫ్యాక్టరీ 1950ల చివర్లో మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద అంబాసిడర్ మొదలుపెట్టింది. అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజన్ మీద మన మెకానిక్కులు నేర్చుకున్న పరీక్షలు ఈనాటికీ ముచ్చటగా ఉంటాయి. బండి స్లోలో ఉండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీయాలి. ఏ వైరు తీస్తే శబ్దంలో తేడా రాదో ఆ సిలిండర్ అప్పటికే పని మానేసిందన్నమాట. తర్వాత డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్ల మధ్య సందు చూడాలి. సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్లు నల్లగా కాలిపోయి ఉంటే కండెన్సర్ మీద అనుమానం.

తొలి అంబాసిడర్లలోని ఎస్‌యూ కార్బొరేటర్‌కు ఇంకో సొగసైన పరీక్ష ఉంది. లోపలి పిస్టన్‌ను ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువగా పైకెత్తాలి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే మిశ్రమం చిక్కన, ఆగిపోతే పలచన. ఒక్క క్షణం కొద్దిగా పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. మీటరు అక్కర్లేని ఇంత కచ్చితమైన పరీక్ష తర్వాత ఏ బండికీ దక్కలేదు. అయినా చాలామంది చెయ్యి ముందు స్క్రూ మీదికే పోయేది. అరిగిన పాయింట్లు చేసిన తప్పుకు కార్బొరేటర్ శిక్ష అనుభవించేది. పాయింట్లు సరిచేసి, ట్యాపెట్లు సెట్ చేసి, ఆ తర్వాతే కార్బొరేటర్ ముట్టుకోవాలన్న వరుసను పాటించినవాళ్లే మంచి మెకానిక్కులుగా పేరు తెచ్చుకున్నారు.

ఎండాకాలం సంగతి వేరు. మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఆగిన ఫియట్, అంబాసిడర్ బండ్లలో ఇంజన్ పక్కని పంపు దగ్గరే పెట్రోలు ఆవిరైపోయేది. పంపు మీద తడిగుడ్డ వేసి కూర్చోవడమే అప్పటి చికిత్స. రేషన్ కిరోసిన్ కలిపిన పెట్రోలు పోసుకుంటే ఏ స్క్రూ తిప్పినా ఫలితం ఉండేది కాదు. కిరోసిన్‌కు నీలి రంగు కలపడం వెనుక ఉన్న భయాల్లో ఈ కల్తీ ఒకటి.

1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చాక అనుమానితుడు మారాడు. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఒక్కటి చచ్చినా బండి మొత్తం ఊగిపోతుంది కాబట్టి మిస్సింగ్‌ను దాచుకోలేదు. కార్బొరేటర్ చుట్టూ సన్నని వాక్యూమ్ గొట్టాలు అల్లుకుని ఉంటాయి. ఏళ్లు గడిచాక అవి ఎండి పగులుతాయి. అంబాసిడర్ దగ్గర చెయ్యి తిరిగినవాళ్లు ఇక్కడా జెట్లు ఊడదీసి కడిగారు. గొట్టం మాత్రం అలాగే గాలి లాగుతూ ఉండేది.

ఆ తర్వాతి మార్పు ప్రభుత్వ నిబంధనలతో వచ్చింది. సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో దేశమంతటా పోయింది. కాలుష్య ప్రమాణాలు బిగుసుకునే కొద్దీ కార్బొరేటర్ తప్పుకుని ఇంజెక్షన్ వచ్చింది. గాలి ఒత్తిడిని సెన్సార్ కొలుస్తుంది కనుక లంబసింగి ఇబ్బంది దానంతట అదే తీరిపోయింది. ఇప్పుడు స్లో తప్పితే మొదట చూడాల్సింది థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసి, స్లోలో గాలినిచ్చే వాల్వు. స్కానర్ పెడితే కోడ్ వస్తుంది. ఆ కోడ్ మిశ్రమం పలచనైందని చెబుతుంది గానీ ఎందుకు పలచనైందో చెప్పదు. ఆక్సిజన్ సెన్సార్ పేరు కనిపించగానే సెన్సార్ మార్చేసేవాళ్లు ఉన్నారు. పగిలిన గొట్టం వల్ల ఎక్కువైన గాలిని ఆ సెన్సార్ నిజాయితీగానే చెప్పిందని ఆలోచించరు. స్క్రూ తిప్పే పాత తొందర ఇప్పుడు స్కానర్ తెర మీదికి చేరిందంతే.

ఇప్పుడు వంతు మళ్లీ ఇంధనానిదే. మన పెట్రోలులో ఇథనాల్ 2003 ప్రాంతంలో 5 శాతంతో మొదలై, 2022కి 10, 2025కి 20 శాతానికి చేరింది. అది ఎక్కువగా చెరకు నుంచి, ధాన్యాల నుంచి వస్తుంది. చెరకుకూ బెల్లానికీ పేరుపడ్డ అనకాపల్లి జిల్లాలో ఒక పాత మారుతీ స్లోలో వణికితే, ఆ వణుకులో చెరకు వాటా కూడా ఉండొచ్చు. కిలో మామూలు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 13.5 చాలు. ఇంజెక్షన్ బండి తన లెక్క తాను సవరించుకుంటుంది. పాత కార్బొరేటర్ సవరించుకోలేదు, మిశ్రమం పలచనవుతుంది. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలనూ డయాఫ్రమ్‌లనూ ఉబ్బిస్తుంది. అలాంటి బండి షెడ్డుకు వస్తే పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రమ్ ముందు మార్చి, ట్యాంకు అడుగున నీళ్లు చేరాయేమో చూసి, అప్పుడు మిశ్రమం స్క్రూను కాస్త చిక్కన వైపు తిప్పాలి. అంబాసిడర్ రోజుల్లో అందరికన్నా ముందు నింద మోసిన ఆ స్క్రూకు ఇన్నాళ్లకు నిజంగానే పని పడింది.