ద్వితీయ భాషాభ్యాస ప్రేరణ

మాతృభాష కాని భాషను నేర్చుకోవడానికి వ్యక్తిని పురికొల్పి, ఆ ప్రయత్నాన్ని నిలబెట్టే మానసిక, సామాజిక కారణాల సముదాయం ద్వితీయ భాషాభ్యాస ప్రేరణ. కెనడాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ గార్డ్‌నర్, వాలెస్ లాంబర్ట్ 1959లో ఇందులో రెండు ధోరణులను గుర్తించారు. ఉద్యోగం వంటి ప్రయోజనం కోసం నేర్చుకోవడం సాధనాత్మకం. ఆ భాషీయులతో కలిసిపోవాలనే కోరికతో నేర్చుకోవడం సమ్మిళితం. హైదరాబాద్ తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్‌ల కోచింగ్ సెంటర్లలో మొదటిదే ప్రస్ఫుటం. ఇక్కడ స్పోకెన్ ఇంగ్లిష్‌ను సాఫ్ట్‌వేర్ కోర్సులు, పోటీ పరీక్షల శిక్షణ పక్కనే బోధిస్తారు. విదేశీ చదువు కోరేవారి లక్ష్యం అంకెల్లోనే ఉంటుంది: ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో గరిష్ఠంగా 9 బ్యాండ్లు, స్కోరుకు సాధారణంగా 2 ఏళ్ల చెల్లుబాటు. దీనికి భిన్నంగా, బజారులో అలవడే హిందీ, దక్కనీ ఉర్దూలకు తరగతీ ఉండదు, పరీక్షా ఉండదు. మాతృభాష తెలుగు కాని పిల్లలకు బడిలో తెలుగు సంగతి వేరు. తెలంగాణ 2018 చట్టం దాన్ని తప్పనిసరి చేసింది.