మాల్‌ఫంక్షన్ 54

పోయిన నెల నేను చదువుకున్న కాలేజీ వాళ్ళు ఫోన్ చేసి, ఫైనలియర్ పిల్లలకి ఓ గంట మాట్లాడమన్నారు. సబ్జెక్టు ప్రొఫెషనల్ ఎథిక్స్. నవ్వొచ్చింది. నా రోజుల్లో అది పరీక్ష ముందు రాత్రి ఆల్-ఇన్-వన్ తిరగేసి గట్టెక్కే బాపతు. ఇంజనీరుకి ఉండవలసిన లక్షణాలేవి అంటే నిజాయితీ, నిబద్ధత అని పది పాయింట్లు రాసి, ప్రతిదానికీ కింద గీత గీస్తే చాలు, మార్కులు పడేవి. ఆ పది పాయింట్లలో ఒక్కటి కూడా ఉద్యోగంలో చేరాక గుర్తు రాలేదు.

అందుకే పాయింట్ల జోలికి పోకుండా థెరాక్-25 కథ చెప్పాను. పిల్లలు బాగానే విన్నారు. చివర్లో ఒకమ్మాయి లేచి "సర్, ఆ ప్రోగ్రామర్‌కి ఏం శిక్ష పడింది?" అని అడిగింది. ఏదో చెప్పి బయటపడ్డాను గానీ, ఇంటికి వస్తుంటే బస్సులో అర్థమైంది, నేను కథ తప్పుగా చెప్పానని. సరిగ్గా చెప్పి ఉంటే ఆ అమ్మాయి వేరే ప్రశ్న అడిగేది. అందుకే మళ్ళీ మొదట్నించీ చెప్తున్నా.

థెరాక్-25 కేన్సర్ రోగులకి రేడియేషన్ ఇచ్చే యంత్రం. తయారు చేసింది కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్. అమెరికాలో 5, కెనడాలో 6, మొత్తం 11 యంత్రాలు పెట్టారు. 1985 జూన్ నుంచి 1987 జనవరి దాకా ఆరుగురికి మోతాదుకి ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ తగిలింది. వాళ్ళలో కనీసం ముగ్గురి చావుకి ఈ యంత్రమే కారణం.

యంత్రం రెండు రకాలుగా పనిచేస్తుంది. ఎలక్ట్రాన్ మోడ్‌లో తక్కువ శక్తి పుంజం నేరుగా ఒంటి మీదకి వస్తుంది. ఎక్స్‌రే మోడ్‌లో పుంజం దాదాపు వంద రెట్లు తీవ్రంగా ఉంటుంది, కాకపోతే మధ్యలో ఒక లోహపు టార్గెట్ అడ్డం ఉంటుంది. తీవ్రమైన పుంజం ఉండి టార్గెట్ లేకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పాత మోడల్ థెరాక్-20లో అలా జరక్కుండా హార్డువేర్ ఇంటర్‌లాకులు ఉండేవి. సాఫ్టువేర్ ఎంత తెలివితక్కువ పని చేసినా, ఫ్యూజు పోయి యంత్రం ఆగిపోయేది. థెరాక్-25కి వచ్చేసరికి కంప్యూటరు ఉందిగా, అదే చూసుకుంటుంది అని చాలా ఇంటర్‌లాకులు తీసేశారు. పీడీపీ-11 మీద అసెంబ్లీ భాషలో ఉన్న ఆ కోడు ఎక్కువ భాగం ఒక్క మనిషే రాశాడు, కొంత పాత మోడల్‌ నుంచే తెచ్చుకున్నాడు.

ఇంకో ముచ్చట. 1983లో వాళ్ళు భద్రతా విశ్లేషణ చేశారు. అందులో సాఫ్టువేర్ తప్పుల్ని లెక్కలోకే తీసుకోలేదు! టెస్టింగ్ బాగా చేశాం కాబట్టి బగ్గులు ఉండవు, సాఫ్టువేర్ అరిగిపోదు కాబట్టి పాడవదు.. ఇదీ వాదన. మళ్ళీ అదే పత్రంలో కంప్యూటరు తప్పు మోడ్ ఎంచుకునే అవకాశం వంద కోట్లలో నాలుగు వంతులని అంకె వేశారు. ఆ అంకె ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరూ చెప్పలేదు. ప్రాజెక్టు ఎస్టిమేట్లు వేసిన ఎవరికైనా తెలుస్తుంది ఎక్కణ్ణించి వచ్చి ఉంటుందో :)

సరే, టెక్సాస్‌లోని టైలర్ అనే ఊరు. 1986 మార్చి 21. ఆపరేటర్ ఎలక్ట్రాన్ మోడ్‌కి 'ఇ' కొట్టబోయి అలవాటు కొద్దీ ఎక్స్‌రేకి 'ఎక్స్' కొట్టింది. చూసుకుని, పై బాణం కీతో వెనక్కెళ్ళి సరిదిద్ది, మిగతావన్నీ ఎంటర్ కొట్టేసి మొదలుపెట్టింది. రోజూ చేసే పని కాబట్టి చకచకా అయిపోయింది. యంత్రం లోపల అయస్కాంతాలు సర్దుకోవడానికి 8 సెకన్లు పడుతుంది. ఆ 8 సెకన్లలో ఎవరైనా ఎడిట్ చేస్తే ప్రోగ్రాము గమనించదు. తెర మీద ఎలక్ట్రాన్ అని ఉంది, లోపల పుంజం మాత్రం ఎక్స్‌రేది. టార్గెట్ లేదు. "మాల్‌ఫంక్షన్ 54" అని మెసేజ్ వచ్చింది. 54 అంటే ఏంటో ఆపరేటరు మాన్యువల్లో లేదు. ఇలాంటి మెసేజీలు మామూలే, ఒక్కోరోజు 40 దాకా వచ్చేవట. 'పి' అని ఒక్క కీ నొక్కితే ట్రీట్‌మెంట్ కొనసాగుతుంది. నొక్కింది.

లోపలున్న మనిషికి మొదటి దెబ్బకే కరెంటు షాకు కొట్టినట్టయింది. లేవబోతుంటే రెండోది తగిలింది. ఆ రోజు గదిలో కెమెరా తీగ ఊడి ఉంది, ఇంటర్‌కమ్ పాడైంది. ఆయన వచ్చి తలుపు బాదేదాకా ఎవరికీ తెలీలేదు. అయిదు నెలల తర్వాత చనిపోయాడు.

కంపెనీ ఇంజనీర్లు వచ్చి ఒక రోజంతా పరీక్ష చేశారు. మాల్‌ఫంక్షన్ 54 మళ్ళీ రాలేదు. యంత్రం ఎక్కువ మోతాదు ఇవ్వడం అసాధ్యం అన్నారు, కరెంటు షాకేమో చూడమన్నారు. షాకు ఎక్కడా దొరకలేదు. ఏప్రిల్ 7న యంత్రం మళ్ళీ మొదలైంది. ఏప్రిల్ 11న అదే ఆపరేటర్, అదే తప్పు, అదే 54. ఈ రోగి మే 1న చనిపోయాడు.

ఇది మొదటి ఫిర్యాదైతే అనుకోవచ్చు. కాదు. 1985 జూన్‌లోనే జార్జియాలోని మారియెట్టాలో ఒకావిడ "నన్ను కాల్చేశారు" అంది. అక్కడి ఫిజిసిస్టు కంపెనీని అడిగితే అలా జరగడం సాధ్యం కాదన్నారు. జులైలో కెనడాలోని హామిల్టన్‌లో ఇంకోటి జరిగితే, ఒక మైక్రోస్విచ్ మీద అనుమానపడి దాన్ని మార్చి, భద్రత లక్ష రెట్లు పెరిగిందన్నారు. డిసెంబర్‌లో వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో ఒకావిడకి చర్మం చారలు చారలుగా ఎర్రబడితే, అది యంత్రం వల్ల కాదు, ఇలాంటివి ఇంకెక్కడా జరగలేదు అని జవాబు రాశారు.

నేను కాలేజీలో ఇంత దూరం వచ్చాక రేస్ కండిషన్ అంటే ఏంటో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. అక్కడే చెడింది. బొమ్మ గీయగానే కథ ఒక బగ్గు కథ అయిపోయింది. బగ్గు అంటే దోషి ప్రోగ్రామరు, దోషి ఉంటే శిక్ష ఉండాలి. పాపం ఆ అమ్మాయి లాజిక్కు సరైనదే.

అసలు జవాబు ఏంటంటే, ఆ ప్రోగ్రామరు ఎవరో లోకానికి తెలీదు. 1986లో కంపెనీ వదిలి వెళ్ళిపోయాడు. ఒక కేసులో లాయర్లు అడిగినా కంపెనీ నుంచి వివరాలు రాబట్టలేకపోయారు. తెలిసినా ఒరిగేదేమీ లేదనుకోండి. ఇంటర్‌లాకులు తీసేద్దామన్నది ఒక నిర్ణయం. సాఫ్టువేర్‌ని విశ్లేషణలోంచి వదిలేయడం ఇంకో నిర్ణయం. 54 అనే అంకెకి అర్థం రాయకపోవడం, 'పి' నొక్కితే చాలనుకోవడం, ఇవన్నీ ఎవరో మీటింగులో కూర్చుని, టీ తాగుతూ, సరే అన్న పనులే. డేటా రెండుసార్లు ఎంటర్ చేయాల్సి వస్తోందని ఆపరేటర్లు మొత్తుకుంటే, ఎంటర్ కీ కొడితే కాపీ అయ్యేట్టు మార్చారు. మంచి ఉద్దేశమే, నేనైనా అదే చేసేవాణ్ణి. ఆ వేగమే 8 సెకన్లలో దూరిపోయింది.

అన్నట్టు, శిక్ష ఎవరికి పడుతుందో తెలియాలంటే పనామా చూడాలి. 2000-2001లో అక్కడి కేన్సర్ ఆసుపత్రిలో 28 మందికి ఎక్కువ రేడియేషన్ వెళ్ళింది. మోతాదు లెక్కగట్టే సాఫ్టువేర్ నాలుగు అడ్డు దిమ్మెలే తీసుకుంటుంది, డాక్టర్లకి అయిదు కావాలి. అన్నిటినీ కలిపి ఒకటిగా ఎంటర్ చేశారు. సాఫ్టువేర్ ఒప్పుకుంది, ఏ హెచ్చరికా లేకుండా తప్పు లెక్క ఇచ్చింది. 2004లో కోర్టు శిక్ష వేసింది ఆ డేటా వాడిన ఆసుపత్రి ఫిజిసిస్టులిద్దరికి.

మళ్ళీ టైలర్‌కి వద్దాం. ఈ కథలో నాకు నచ్చిన మనిషి ఆ ఆసుపత్రి ఫిజిసిస్టు ఫ్రిట్జ్ హేగర్. రెండో ప్రమాదం అయ్యాక యంత్రం ఆపేసి, ఆ ఆపరేటర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు ఏ కీ తర్వాత ఏ కీ కొట్టిందో గుర్తు తెచ్చుకోమంటూ మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాడు. చివరికి కిటుకు దొరికింది: వేగంగా కొట్టాలి. కంపెనీకి చెప్తే మర్నాడు వాళ్ళ ఇంజనీరు ఫోన్ చేసి మాకు రావట్లేదన్నాడు. వేగంగా కొట్టండి అని హేగర్ చెప్పాక వచ్చింది. "రిప్రొడ్యూస్ కావట్లేదు" అని నేను కూడా బోలెడు టికెట్లు మూసేశాను. వాటిలో కొన్నిటికి, నిజం చెప్పాలంటే, ఒక్కసారి కూడా ప్రయత్నించలేదు. నాది బిల్లింగు సాఫ్టువేరు కాబట్టి ఎవరూ చావలేదు, అంతే తేడా. కాలేజీలో ఈ ముక్క చెప్పనే లేదు, సిగ్గేసి.

కంపెనీ మొదట పంపిన పరిష్కారం చూడండి: పై బాణం కీ పీకేసి, కింద స్విచ్చికి ఎలక్ట్రికల్ టేపు అతికించండి. అమెరికా ఎఫ్‌డీఏ అది చాలదంది. 1987 జనవరి 17న యాకిమాలో ఇంకొకరు బలయ్యారు. ఈసారి బగ్గు వేరు. ఒక బైటు వేరియబుల్‌ని ప్రతిసారీ ఒకటి పెంచుతుంటే 256వ సారి సున్నా అయి, తనిఖీ జరగకుండానే దాటిపోయేది. అంటే మొదటి బగ్గు దిద్దినా సరిపోలేదు. ఇది కూడా బొమ్మ గీసే కథ కాదని అప్పుడైనా నాకు తట్టాల్సింది. ఫిబ్రవరిలో యంత్రాల మామూలు వాడకం ఆపమన్నారు. చివరికి హార్డువేర్ రక్షణలు కూడా పెట్టారు.

ఇదంతా మనకి తెలిసింది నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ 1993లో ఐట్రిపుల్ఈ 'కంప్యూటర్' పత్రికలో రాసిన వ్యాసం వల్ల. అప్పట్నించీ ప్రపంచమంతా క్లాసుల్లో చెప్తున్నారు. ఆ వ్యాసంలోనే ఒక చిన్న సంగతి ఉంది. మళ్ళీ ఆ కాలేజీకి పిలిస్తే దీంతోనే మొదలుపెడతా.

షికాగోలోని ఒక కేన్సర్ కేంద్రంలో పాత థెరాక్-20 ఉండేది. కొత్త బ్యాచ్ విద్యార్థులు రాగానే యంత్రం ఫ్యూజులు ఎగిరిపోయేవి, వారానికి మూడుసార్లు దాకా. తర్వాత నెలల తరబడి ఏ గొడవా ఉండదు. మళ్ళీ కొత్త బ్యాచ్, మళ్ళీ ఫ్యూజులు. యంత్రం కొన్నప్పట్నించీ ఇదే తంతు. టైలర్ సంగతి విన్నాక అక్కడి ఫిజిసిస్టు ఫ్రాంక్ బోర్గర్‌కి అనుమానమొచ్చి, కావాలనే తిక్కతిక్కగా కీలు కొట్టించి చూశాడు. అదే బగ్గు. కొత్త పిల్లలు తడబడి, వెనక్కీ ముందుకీ ఎడిట్ చేసినప్పుడల్లా అది బయటికొచ్చేది. పని వచ్చాక తడబాటు పోయేది, ఫ్యూజులు పోవడం ఆగేది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎందుకంటే థెరాక్-20లో ఇంకా ఇంటర్‌లాకులు ఉన్నాయి.